అ అంటే అపార్ట్‌మెంట్

జూన్ 3, సోమవారం

సూపర్‌వైజర్ గారు ఇవాళ నా చొక్కా జేబులోని చీటీలన్నీ తీయించి బల్ల మీద పరిపించారు. అందరి ముందూ. ఒకదాని మీద లిఫ్ట్ మెషిన్ రూమ్ తాళం ఎవరి దగ్గరుందో ఉంది. ఒకదాని మీద అత్తగారి కళ్ళజోడు పవరు ఉంది. ఇంకోటి ఉతుకులో నాని ముద్దయిపోయింది. ఆ ముద్దలోనే ఉందట, పోయినవారం బట్టల దుకాణం వాళ్ళ లిఫ్ట్ తలుపు మూసుకోవడం లేదన్న కబురు. నేను వెళ్ళలేదు కాబట్టి దుకాణం వాళ్ళు కంపెనీని దులిపారు, కంపెనీ ఈయన్ని దులిపింది, ఈయన నన్ను దులిపారు.

దులపడం అయ్యాక ఈ పుస్తకం ఇచ్చారు. ఇకనుంచి నాకు ఒకటే పుస్తకమట. ఇంటి పనీ అందులోనే, కంపెనీ పనీ అందులోనే, బుర్రలో ఏముంటే అదంతా అందులోనే. శనివారం శనివారం ఆయనకి చూపించాలి.

బుర్రలో ఏముంటే అది అన్నారు కాబట్టి ఇదీ రాస్తున్నాను. పనులు ముందు పేజీల నుంచి, ఇది వెనక పేజీల నుంచి. ఆయన ముందు నాలుగు పేజీలు తిప్పితే గొప్ప. నలభై ఆరేళ్ళ వయసులో డైరీ మొదలుపెట్టానని తెలిస్తే మా ఆవిడ కడుపు పట్టుకుని నవ్వుతుంది.

జూన్ 5, బుధవారం

ఒకటే పుస్తకం బాగానే ఉంది. జేబు తేలికైంది. కాకపోతే లిఫ్ట్ ఎక్కిదిగే బావి పక్కన నిలబడి గ్రీజు చేతులతో రాయాలి కదా, పూర్తి మాటలు రాసే ఓపిక ఉండదు. అన్నిటికీ మొదటి అక్షరం పెట్టుకుంటున్నాను. బ్రేకుకి బ్రే, సెన్సార్‌కి సె.

అ దగ్గరే చిక్కు వచ్చింది. నేను చూసే అపార్ట్‌మెంటూ అ, అక్కా అ, అత్తగారూ అ. నిన్న "అ, నూనె" అని ఉంటే మోకాళ్ళ నూనె కొని అత్తగారికి ఇచ్చాను. అది అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మోటారుకి పోయాల్సిన నూనె. అత్తగారు మాత్రం అడక్కుండానే అల్లుడు తెచ్చాడని వీధంతా చెప్పుకుంది. నేను సరిదిద్దలేదు. మంచిపేరు ఊరికే వస్తుంటే ఎవడు కాదంటాడు?

ఇకనుంచి అపార్ట్‌మెంట్ అయితే అ చుట్టూ సున్నా చుట్టాలి. సున్నా లేకపోతే ఇంటి మనిషి.

జూన్ 8, శనివారం

సూపర్‌వైజర్ గారు పుస్తకం చూసి పర్వాలేదన్నారు. ఆయన నోట అది పెద్ద మాట.

సాయంత్రం అక్క వచ్చింది. డ్రైవింగ్ స్కూలు కారులోనే వచ్చింది. వీధి మలుపులో ఉండగానే గొంతు వినపడింది, ఎవరికో స్కూటర్ నడపడం గురించి ఉచితంగా పాఠం చెబుతోంది. మా అక్క పదిహేనేళ్ళుగా నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని క్లచ్, బ్రేక్ అని అరుస్తోంది. రెండో బ్రేకు తన కాలి కింద ఉన్నా దాన్ని తొక్కడం తక్కువ, అరవడం ఎక్కువ. ఆ గొంతుకే కార్లు ఆగుతాయని స్కూలు యజమాని అంటూ ఉంటాడు.

లోపలికి వచ్చి కూర్చున్నాక మెడ మీద చెయ్యి పెట్టుకుంది. థైరాయిడ్ దగ్గర గడ్డ ఉందట. సూదితో కొంచెం తీసి పరీక్షకి పంపారట. వచ్చే గురువారం పది గంటలకి ఫలితం చెబుతారట. ఇదంతా ఏదో బండి రిపేరుకి ఇచ్చినట్టు చెప్పింది.

"ఒరే, డాక్టరు ముందు కూర్చుంటే నాకు చెవులు పనిచేయవు. నువ్వు రా. నువ్వు అడుగు, నువ్వు విను, బయటికొచ్చాక నాకు మెల్లగా చెప్పు," అంది.

ఏం అడగాలే అంటే, "గొంతు పోతుందా అని అడుగు. మిగతావి ఏమైనా పర్లేదు," అంది. తర్వాత వెంటనే, తన గొంతు పోతే నేర్చుకునేవాళ్ళు బతికిపోతారని, రోడ్డు మీద నడిచేవాళ్ళ సంగతే చెప్పలేమని నవ్వింది. మా ఆవిడా నవ్వింది. నేనూ నవ్వాను.

అక్క ముందే పుస్తకం తీసి రాసుకున్నాను. గురు. 10. అ. దాని కింద: గొంతు పోతుందా?

జూన్ 11, మంగళవారం

గురువారానికి సెలవు అడిగాను. ఇవ్వరనుకున్నాను. ఇచ్చేశారు.

జూన్ 12, బుధవారం

బట్టల దుకాణం లిఫ్ట్ తలుపు సరిచేశాను. సెన్సార్ మీద దుమ్ము, అంతే.

నాన్నప్పుడు కూడా డాక్టరు నన్నే లోపలికి పిలిచాడు. అక్క బయట బెంచీ మీద కూర్చుంది. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి నా మొహం చూసి తనకి అర్థమైపోయింది. నేను ఒక్క మాట కూడా అనలేదు.

ఎందుకు రాశానో ఇది.

జూన్ 13, గురువారం

ఇవాళ ఒక పొరపాటు జరిగింది.

పొద్దున పుస్తకం తెరిస్తే "గురు. 10. అ." అని ఉంది. పని హడావిడిలో అది అపార్ట్‌మెంట్ అనుకున్నాను. వెళ్ళాను. మెషిన్ రూమ్ తాళం తీయించి బ్రేకు చూశాను, ఇనప తాళ్ళు చూశాను, మోటారు బేరింగుకి గ్రీజు పెట్టాను, కంట్రోల్ ప్యానెల్ దులిపాను. చాలా సేపు పట్టింది. మెషిన్ రూమ్‌లో ఫోన్‌కి సిగ్నల్ రాదు. కిందికి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు గుర్తొచ్చింది.

అక్క ఫోన్లు వచ్చి ఉన్నాయి. తిరిగి చేశాను. పొరపాటు జరిగిందని చెప్పాను. రేపు వస్తానన్నాను.

మనిషన్నాక పొరపాటు చేస్తాడు. అన్నీ ఒకే పుస్తకంలో కలిపి రాయమంటే ఇలాగే అవుతుంది. అ అంటే అపార్ట్‌మెంట్ అనుకున్నాను. ఎవరైనా అనుకుంటారు.

జూన్ 14, శుక్రవారం

అక్క దగ్గరికి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. పుస్తకం చూపించమంది. ముందు పేజీల్లో అ లు చూపించి, మోకాళ్ళ నూనె సంగతి కూడా చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధేసింది. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

"నేను నీకు అక్కనా, అపార్ట్‌మెంట్‌నా? ఎన్ని అంతస్తులురా నాకు?" అంది.

గడ్డ అనుమానంగానే ఉందట. ఒక వైపు తీసేయాలట. ఆపరేషన్ జూలై మొదట్లో. గొంతు గురించి అడిగావా అన్నాను. లేదంది. డాక్టరు ఏదో చాలాసేపు చెప్పాడట, తను తలూపుతూ కూర్చుందట. బయటికి వచ్చాక ఏం చెప్పాడో ఒక్క ముక్క గుర్తు లేదట. వెంట ఎవరూ రాలేదా అని నర్సు అడిగితే, మా తమ్ముడు చాలా పనిమంతుడు, లిఫ్ట్‌లో ఎవరో ఇరుక్కుని ఉంటారు అని చెప్పిందట.

నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

జూన్ 15, శనివారం

ఇది రాయకూడదు, కానీ రాస్తాను.

సూపర్‌వైజర్ గారు పుస్తకం చూశారు. గురువారం అపార్ట్‌మెంట్‌లో చేసిన పని అందులో రాసి ఉంది, వాచ్‌మన్ సంతకంతో సహా. ఆయన అక్కడికి ఫోన్ చేశారు. మేమెవరమూ పిలవలేదండీ, లిఫ్ట్ బాగానే ఉంది, ఆయనే వచ్చి శుభ్రం చేసి వెళ్ళారు అన్నాడట వాచ్‌మన్.

ఆయన మా అందరినీ నిలబెట్టి చెప్పారు. ఈ మనిషి సెలవు పెట్టుకుని, ఎవరూ పిలవకుండా, ఎవరూ అడగకుండా, సొంతంగా వెళ్ళి బాగున్న లిఫ్ట్‌కి సర్వీసు చేశాడు, మీరూ ఉన్నారు దేనికీ, అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను కూడా కొట్టాను.

తల కొట్టేసినట్టయింది. అది నా నమ్రత అనుకుని ఆయన భుజం తట్టారు.

జూన్ 17, సోమవారం

ఆ అ చుట్టూ సున్నా ఉందో లేదో మళ్ళీ చూడలేదు.

జూన్ 18, మంగళవారం

అత్తగారికి కూడా కథ తెలిసిపోయింది. అక్కే ఫోన్ చేసి చెప్పింది. అయితే నాకు నూనె కూడా అలాగే వచ్చిందా అని అత్తగారు మూతి తిప్పి, తర్వాత తనే నవ్వేసింది. అక్క ఈ కథని డ్రైవింగ్ స్కూల్లో కూడా చెప్పిందట. యజమాని నన్ను చూస్తే ఇప్పుడు "అ గారూ" అంటాడట. అందరికీ నవ్వులాటగా ఉంది. నేను ఎంత అమాయకుడినో, ఎంత పనిపిచ్చివాడినో అందరూ ముచ్చటగా చెప్పుకుంటున్నారు.

జూన్ 20, గురువారం

అక్క పని మానేసింది.

మా ఆవిడ చెప్పింది, నాకు చెప్పే ధైర్యం అక్కకి లేక తనకి చెప్పిందట. ఆపరేషన్ అయ్యాక గొంతు ఉండదని అక్క నిశ్చయించుకుంది. గొంతు లేకుండా పక్క సీట్లో కూర్చుని ఏం చేస్తాను, ఎవరినో చంపుతాను అని యజమానికి చెప్పేసింది. ఆయన వద్దన్నాడట. తనే పట్టుబట్టి, ఉన్న బ్యాచ్‌ని వదిలి వెళ్ళడం అన్యాయమని, కొత్తామెని తనే వెతికి తెచ్చి, నాలుగు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పి మరీ అప్పగించింది.

ఒక్క ప్రశ్న. అది ఈ పుస్తకంలోనే ఉంది, నా చేతిరాతతో. దాన్ని అడగడానికి నేను వెళ్ళలేదు.

సరే, రాస్తాను. ఇది ఎవరూ చదివేది కాదు కదా.

అ చుట్టూ సున్నా లేదు. లేదని నాకు తెలుసు. గురువారం పొద్దున నేను పుస్తకం తెరవనే లేదు, తెరవాల్సిన అవసరం లేదు, మూడు రోజులుగా నా బుర్రలో ఉన్నది అదొక్కటే. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. ఆసుపత్రి దాకా వెళ్ళాను. గేటు లోపలికి కూడా వెళ్ళాను. అద్దాల తలుపు అవతల అక్క బెంచీ మీద కూర్చుని ఉంది, పక్కన నాకోసం హ్యాండ్‌బ్యాగ్ పెట్టి సీటు ఆపింది. ఎవరో అక్కడ కూర్చోబోతే, మా తమ్ముడు వస్తాడండీ అని చెబుతున్నట్టుంది.

భయమేసింది. ఇంతకన్నా గొప్ప కారణం ఏమైనా దొరుకుతుందేమోనని వారం నుంచి వెతుకుతున్నాను, దొరకలేదు. మళ్ళీ నన్నే లోపలికి పిలుస్తారని, మళ్ళీ నా మొహం చూసే తను తెలుసుకుంటుందని భయమేసింది. వెనక్కి తిరిగాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక, ఎవరూ నన్ను ఏమీ అడగని చోటు మెషిన్ రూమ్ కాబట్టి, అక్కడికి వెళ్ళాను. బేరింగుకి ముందే గ్రీజు ఉంది. దాన్ని తుడిచేసి మళ్ళీ పెట్టాను.

అక్కకి నేను మొహం చాటేశాను. పైగా ఒక తమాషా కథ చెప్పి నవ్వించాను.

జూన్ 25, మంగళవారం

ఆపరేషన్‌కి ముందు డాక్టరు ఇవాళ ఇంకోసారి రమ్మన్నాడట. ఈసారి ముందే వెళ్ళి ఆసుపత్రిలో కూర్చున్నాను. అక్క వచ్చి నన్ను చూసి, అపార్ట్‌మెంట్ వాళ్ళు వదిలేశారా అంది.

లోపల నేనే అడిగాను. డాక్టరు కళ్ళజోడు తీసి అక్క వంక చూశాడు. గొంతు చాలామందికి పోదని, కొన్నాళ్ళు బొంగురుగా ఉండొచ్చని, ఆపరేషన్ అయ్యాక వారం పది రోజులు మాట్లాడకుండా ఉంటే మంచిదని చెప్పాడు. ఖచ్చితంగా చెప్పలేనని కూడా అన్నాడు. ఇదంతా ఆ రోజే చెప్పాను కదమ్మా, మీరు సరే సరే అన్నారు అన్నాడు. మీతో ఎవరూ లేరు అనుకుంటా అన్నాడు.

బయటికి వచ్చాక అక్క మెట్ల మీద ఆగిపోయింది. అంతసేపు మా అక్క నోరు మూసుకుని ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్క మాట అడిగుంటే సరిపోయేది కదరా. సీటు వదులుకునేదాన్ని కాదు," అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోపు తనే నా మొహం చూసి, "అయ్యో, నిన్నంటున్నానా బుడ్డోడా? నువ్వేం చేస్తావు, అంతా ఆ దిక్కుమాలిన పుస్తకం," అని నా వీపు మీద చరిచింది.

నోరు మూసుకున్నాను.

జూన్ 28, శుక్రవారం

మా ఆవిడ బట్టలు మడతపెడుతూ, ఆ గురువారం మీరు సెలవు పెట్టారు కదా, ఇస్త్రీ చొక్కా కూడా నేనే తీసిచ్చాను అంది. మరి సెలవు రోజున అపార్ట్‌మెంట్ పని ఉందని ఎలా అనుకున్నారు అని అడగలేదు. అడక్కుండా ఇంకో రెండు చొక్కాలు మడతపెట్టింది. నేను కిటికీ గొళ్ళెం బిగిస్తున్నట్టు నటించాను.

"మీ అక్కకి మీరే చెప్పండి. నాచేత చెప్పించకండి," అంది చివరికి.

చెబుతాను. ముందు ఆపరేషన్ కానీ. ఇప్పుడు చెబితే మనసు పాడవుతుంది, బీపీ పెరుగుతుంది, ఆపరేషన్‌కి ముందు అలాంటివి చెప్పకూడదు. అన్నీ అయ్యాక చెబుతాను. అదే మంచిది, తనకే మంచిది.

ముందు పేజీలో రాసుకున్నాను: అక్కకి చెప్పాలి. పూర్తి మాటలు, ఎక్కడా పొట్టి అక్షరం లేదు. శనివారం సూపర్‌వైజర్ గారు చూస్తే ఏం చెప్పాలి అని అడిగితే ఏమనాలో తెలియక, మళ్ళీ కొట్టేశాను.

జూలై 2, మంగళవారం

ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నారు. మూడు గంటలు బయట బెంచీ మీద కూర్చున్నాను, కదల్లేదు. కదల్లేదు అని ఇక్కడ గొప్పగా రాసుకుంటున్నాను చూడు.

జూలై 4, గురువారం

చెప్పేశాను.

అక్క మెడకి కట్టు ఉంది. మంచం పక్క గోడ మీద మాట్లాడించవద్దు అని రాసి అంటించారు. నన్ను చూసి చెయ్యి ఊపింది, కూర్చోమన్నట్టు సైగ చేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, గేటు దాకా వచ్చిన సంగతి, అద్దాల్లోంచి చూసిన సంగతి, హ్యాండ్‌బ్యాగ్ సంగతి, అన్నీ చెప్పాను. గడగడా చెప్పేశాను. అ సంగతి అబద్ధమని, ఆ కథంతా తర్వాత అల్లానని చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు, ఆపడానికి అవతలి మనిషికి మాట లేదు కదా.

మొదట్లో నేనేదో హాస్యం ఆడుతున్నాననుకుని నవ్వబోయింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

రాయడానికి పెన్నూ, ఈ పుస్తకమూ తన ముందు పెట్టాను. తిట్టాలనుంటే రాసి తిట్టు అన్నాను. పుస్తకం వంక చూసింది. దాన్ని మెల్లగా పక్కకి జరిపి గోడవైపు తిరిగి పడుకుంది. మందుల వల్ల నిద్ర వచ్చి ఉంటుంది. ఆపరేషన్ అయిన మనిషి కదా, అలసట ఉంటుంది.

మా ఆవిడకి చెప్పేశానని చెబితే, ఎప్పుడు చెప్పారు అంది. ఇవాళ అన్నాను. మాట్లాడలేని రోజు చూసి చెప్పారన్నమాట అంది.

అది నిజం. అన్నీ అయ్యాక చెబుతాను అని నేను అనుకున్నది, తన మనసు పాడవకూడదని కాదు. ఎదురు తిట్లు పడకూడదని. తన గొంతు లేని రోజు కోసం కాచుకుని కూర్చున్నాను. ఎవరి గొంతు పోతుందా అని అడగడానికి వెళ్ళాలో, ఆ గొంతు లేని రోజు కోసం.

ఇది రాస్తుంటే నా చేతిరాత నాకే అసహ్యంగా ఉంది.

జూలై 6, శనివారం

అక్కని ఇంటికి పంపారు. మా ఆవిడ వెళ్ళి ఉంటోంది. నన్ను రమ్మని కబురు లేదు. ఎక్కువమంది రాకూడదని డాక్టరు చెప్పి ఉంటాడు.

జూలై 9, మంగళవారం

ఇవాళ కూడా కబురు లేదు. వంటగది కుళాయి, సె, బ్రే.

జూలై 13, శనివారం

మా ఆవిడ ఫోన్ చేసింది. మాట వచ్చిందట. కొంచెం బొంగురుగా ఉన్నా వచ్చిందట. ఆగలేకపోయాను. సూపర్‌వైజర్ గారికి పుస్తకం చూపించకుండానే వెళ్ళిపోయాను.

అక్క ఉండేది రెండో అంతస్తు. సగం మెట్లు ఎక్కేసరికే వినపడింది. పక్కింటావిడకి రివర్స్‌లో బండి తీయడం ఎలాగో చెబుతోంది, అద్దం చూడాలమ్మా అద్దం, మెడ తిప్పి కూడా చూడాలి, ఒక్కదాన్నే నమ్మకూడదు అంటోంది. కాస్త గరుకుగా ఉంది, చివర్లో చిన్నగా చీలుతోంది. కానీ అదే గొంతు. మెట్ల మీద నిలబడి, కమ్మీ పట్టుకుని ఏడ్చాను. కొత్తామె రెండో కాన్పుకి సెలవు పెట్టబోతోందట, యజమాని మళ్ళీ అడుగుతున్నాడని కూడా వినపడింది. నాకు పట్టలేని సంతోషం వేసింది. ఇక తిట్టనీ, ఎన్ని తిట్లైనా తిట్టనీ, ఇంత గొంతు ఉన్నప్పుడు వీధంతా వినపడేలా తిట్టనీ అనుకున్నాను. చెమట తుడుచుకుని, కళ్ళు తుడుచుకుని పైకి వెళ్ళాను.

తలుపు తెరిచే ఉంది. పక్కింటావిడ లేచి వెళ్ళిపోయింది. మా ఆవిడ వంటగదిలోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. అక్క నన్ను చూసింది. కుర్చీ మీద ఉన్న దుప్పటి తీసి మడతపెట్టి పక్కన పెట్టింది.

"రండి. కూర్చోండి. ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగుతారా?" అంది.

నా వెనక ఇంకెవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.